ఒత్తు పోయిన పుట్ట: ఆడియో ఎడిటింగ్ నేర్చుకున్న ఒక టీచరుగారి కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసును అభ్యాసకురాలి అనుమతితో రాస్తున్నాను. ఆమె పేరు, ఊరు, పనిచేసిన బడి, ఆమె పాఠాలు చదివి ఇస్తున్న స్వచ్ఛంద సంస్థ వివరాలు తీసేశాను. విషయం అర్థం కావడానికి అక్కరలేని ఒకటి రెండు సంగతులు మార్చాను. శిక్షకుడిగా నా పొరపాటు మాత్రం జరిగింది జరిగినట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసులో నేర్చుకోవలసింది ఎక్కువగా అందులోనే ఉంది.

నేను ఆదివారాల్లో ఆడియో ఎడిటింగ్‌లో ప్రారంభ స్థాయి శిక్షణ ఇస్తాను. ఎనిమిది వారాల పాఠం, వారానికి రెండున్నర గంటలు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద నేర్పిస్తాను. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డాన్నెన్‌బర్గ్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ 2000లో జనంలోకి వచ్చింది. ఇప్పటికీ డబ్బు కట్టకుండా దించుకోవచ్చు, పాత కంప్యూటర్లలో కూడా ఓపిగ్గా నడుస్తుంది, పనులన్నీ దాదాపుగా కీబోర్డుతోనే చేసుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారి చేత మొదటిరోజే ఖర్చు పెట్టించడం నాకు ఇష్టం ఉండదు, కాబట్టి ఏళ్లుగా దీనినే వాడుతున్నాను.

ఆ విడత తరగతిలో పదకొండు మంది ఉన్నారు. ఎక్కువ మంది పాడ్‌కాస్ట్‌లు చేయాలని, యూట్యూబ్ వీడియోలకు గొంతు ఇవ్వాలని వచ్చిన యువకులు. వాళ్ల మధ్య అరవై దాటిన ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని కూర్చున్నారు. మూడు దశాబ్దాలకు పైగా చిన్న తరగతుల పిల్లలకు అక్షరాలు దిద్దించి, గుణింతాలు, ఒత్తులు వల్లె వేయించిన మనిషి. చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసి ఇవ్వాలన్నది ఆమె కోరిక. ముద్రిత పుస్తకం చదవలేని వైకల్యం ఉన్నవారికి, లాభాపేక్ష లేకుండా, వారు వాడుకోగల రూపంలో పుస్తకాన్ని మార్చి ఇవ్వడానికి మన కాపీరైట్ చట్టం 2012 సవరణతో వీలు కల్పించింది. ఆమెకు పుస్తకాలు పంపుతున్న సంస్థ ఆ వీలు కిందే పని చేస్తోంది. మొదటి పుస్తకం చుట్టూ ఉన్న ప్రకృతి గురించి పిల్లలకు రాసిన వాచకం. అందులో చెదపురుగుల మీద ఒక పాఠం ఉంది. ఈ కేసంతా ఆ పాఠం చుట్టూనే తిరుగుతుంది.

ఆమె దగ్గర ఉన్న సామగ్రి: కొడుకు వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్, మామూలు ధరలో కొన్న ఒక యూఎస్‌బీ మైకు, చెవులకు పట్టే హెడ్‌ఫోన్. రికార్డింగుకు పడకగది. వేసవి కాబట్టి ఫ్యాను ఆపితే అయిదు నిమిషాలు కూడా కూర్చోలేని పరిస్థితి.

వచ్చిన సమస్య

తరగతిలో ఆమె చురుకు. నేను చెప్పిన అభ్యాసాలు, అంటే ముక్క కోయడం, అతికించడం, గొంతు మెల్లగా పైకి తేవడం, కిందికి దించడం, యువకుల కంటే శ్రద్ధగా చేసేవారు. ప్రతి మెట్టూ నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకునేవారు. కానీ ఇంటికి వెళ్లాక పన్నెండు నిమిషాల ఒక్క పాఠం పూర్తి చేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల తర్వాత వచ్చిన ఫైలు కూడా సంస్థ నుంచి తిరిగి వచ్చింది.

నాలుగో ఆదివారం ఆమె నా దగ్గరకు తెచ్చిన ఫిర్యాదులు మూడు. కోసి అతికించిన చోట్ల చిటుక్కుమని చప్పుడు వస్తోంది. గొంతు నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు ఉంది. మూడోది ఆమె గొంతు తగ్గించి చెప్పారు. "నా ఉచ్చారణ పోయింది బాబూ. ఈమధ్యే పళ్లు కట్టించుకున్నాను, అప్పట్నించీ ఒత్తులు సరిగా పలకడం లేదు."

సంస్థ తరఫున ఫైళ్లు విని చూసే వ్యక్తి చూపులేని ఒక డిగ్రీ విద్యార్థి. చెదపురుగుల పాఠంలో పురుగులు "పుటలు" కడతాయని వినిపిస్తోందని, పుస్తకంలో ఉన్నది అదేనా అని ఆయన మర్యాదగా అడిగారు. పుట్టలు పుటలయ్యాయి. జీవితమంతా ఒత్తులు నేర్పిన మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో చదివేవారు ఊహించుకోవచ్చు. అప్పటికే ఆ పాఠాన్ని ఆమె నాలుగుసార్లు మొదటి నుంచి చదివి రికార్డు చేశారు. ప్రతిసారీ ముందుకంటే నిదానంగా, ముందుకంటే నొక్కి చదివారు. ప్రతిసారీ ఫలితం ముందుకంటే అధ్వానంగా వచ్చింది.

ఆ రోజు నేను మొదటి రెండు ఫిర్యాదులను సాంకేతిక సమస్యలుగా, మూడోదాన్ని ఆమె సొంత విషయంగా చూశాను. పళ్ల సంగతి ఆమే చెప్పారు కదా అని నమ్మాను. మూడింటినీ ఒకటిగా చూసి ఉంటే రెండు వారాలు కలిసివచ్చేవి.

మొదట చేసిన ప్రయత్నాలు

చిటుక్కుమనే చప్పుడు సులువుగా తేలింది. శబ్దతరంగం సున్నా గీతకు పైనో కిందో ఉన్నప్పుడు కోసి, ఇంకో ఎత్తులో ఉన్న ముక్కతో అతికిస్తే తరంగం ఒక్కసారిగా గెంతుతుంది. ఆ గెంతే మనకు చిటుకుగా వినిపిస్తుంది. ముక్కను ఎంచుకున్నాక జెడ్ కీ నొక్కితే ఎంపిక అంచులు దగ్గర్లో తరంగం సున్నా గీతను దాటే చోటికి జరుగుతాయి. ఈ ఒక్క అలవాటుతో మొదటి ఫిర్యాదు ఆ వారమే తీరింది.

నీళ్లలోంచి వచ్చినట్టున్న గొంతుకు కారణం నాయిస్ రిడక్షన్, అంటే రొద తగ్గించే ఎఫెక్టు, అతిగా వాడడం. ఈ ఎఫెక్టు రెండు అడుగుల్లో పని చేస్తుంది. ముందు మాట లేని చోట ఫ్యాను మోత మాత్రమే ఉన్న కొద్ది సెకన్లు ఎంచి, రొద నమూనాగా చూపించాలి. తర్వాత మొత్తం రికార్డింగును ఎంచి ఎఫెక్టు వర్తింపజేస్తే, ప్రోగ్రామ్ శబ్దాన్ని సన్నని పౌనఃపున్య పట్టీలుగా విడదీసి, ఏ పట్టీలో శబ్దం రొద నమూనా స్థాయిని మించలేదో దాన్ని తగ్గిస్తుంది. మాట కూడా అదే పట్టీల్లో ఉంటుంది కాబట్టి ఎక్కువ తగ్గిస్తే మాటలోని సన్నని భాగాలు కూడా పోతాయి, మిగిలిన తునకలు అక్కడక్కడ మిణుకుమిణుకుమంటాయి.  ఆమె తగ్గింపు 24 డెసిబెల్స్ (డెసిబెల్ శబ్దస్థాయికి కొలత) పెట్టి, చాలలేదనిపించి రెండోసారి కూడా నడిపారు. అదీ పాత రికార్డింగులోని ఫ్యాను మోతను నమూనాగా చూపించి.

దీనికి నేను చేసిన సూచన ఫ్యానును సాధ్యమైనంత నెమ్మది చేయడం, మైకును నోటికి జానెడు దూరానికి తేవడం, మంచం మీది దుప్పటిని వెనక తాడు మీద వేలాడదీయడం. తర్వాత ఆ రోజు రికార్డింగు మొదట్లో అయిదు సెకన్లు మాట్లాడకుండా ఊరుకుని, ఆ గదిమోతనే నమూనాగా తీసుకుని, 8 డెసిబెల్స్‌కు మించకుండా ఒక్కసారే నడపడం. మైకు దగ్గరకు వస్తే మాటకూ రొదకూ మధ్య దూరం దానంతటదే పెరుగుతుంది. అలా పెరిగినంత మేర ఎఫెక్టు అవసరం తగ్గుతుంది. గొంతు బాగుపడింది.

ఒత్తులకు మాత్రం నేను చేసింది ఒక చీటీ రాసి ఇవ్వడం. ఆమెకు మెట్లు రాసుకునే అలవాటు ఉంది కదా, తప్పులన్నీ వరస తప్పడం వల్ల వస్తున్నాయేమో, ఒక క్రమపద్ధతి చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుంది అనుకున్నాను. ఆ తరగతి కోసమే నేను తయారుచేసిన ఒక పేజీ పద్ధతినే ఆమెకు శుభ్రంగా తెలుగులో రాసిచ్చాను. మొదట రొద తగ్గించడం, తర్వాత ఖాళీలు బిగించడం, తర్వాత స్థాయి సరిచేయడం, చివర ఎగుమతి. ప్రతి మెట్టుకూ అంకెలు రాశాను. ఖాళీలు బిగించడమంటే ట్రంకేట్ సైలెన్స్ అనే ఎఫెక్టు. నా చీటీలో ఉన్న అంకెల ప్రకారం, మైనస్ 25 డెసిబెల్స్ గీతకు దిగువన 0.2 సెకనుకు మించి ఏ నిశ్శబ్దం కనిపించినా దాన్ని 0.1 సెకనుకు కుదించాలి. పాడ్‌కాస్ట్ పిల్లలు గబగబా మాట్లాడతారు, వాళ్లకు బిగువు కావాలి, వాళ్ల కోసం రాసిన అంకెలు అవి. పాఠం చదివే గొంతుకు అవి సరిపోతాయా అని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

విఫలమైన చోటు

ఆమె చీటీని అక్షరం తప్పకుండా పాటించారు. రెండు వారాల తర్వాత వచ్చిన ఫైలులో గొంతు బాగుంది, చిటుకులు లేవు, ఒత్తులు ముందుకంటే ఎక్కువ పోయాయి. "ఒక్క పురుగు కూడా బయటకు రాదు" అన్న వాక్యం "ఒక పురుగు కూడా బయటకు రాదు" అయింది. పిల్లలకు చెప్పే పాఠంలో ఈ రెంటికీ తేడా చిన్నది కాదు.

ఆరో ఆదివారం ఆమె రాలేదు. సోమవారం ఉదయం వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఇక మానేస్తానని, తన గొంతు ఈ పనికి పనికిరాదని, సంస్థవారికి పుస్తకం తిరిగి ఇచ్చేస్తానని చెప్పారు. అందులో ఈ మాట ఉంది: "పుట్టలు అని నేను ఎంత నొక్కి పలికినా అందులో పుటలు అనే వస్తోంది బాబూ."

నేను ఆ మెసేజ్‌ను మళ్లీ విన్నాను. మూడోసారి విన్నాను. పుట్టలు అన్న మాట స్పష్టంగా, నిండుగా, ట కింద టవత్తుతో సహా వినిపిస్తోంది. అదే నోరు, అవే పళ్లు, అదే వారం. ఫోను ద్వారా వచ్చినప్పుడు ఉన్న ఒత్తు ల్యాప్‌టాప్ ద్వారా వచ్చినప్పుడు లేదు. అంటే తప్పు పలకడంలో లేదు. పలికిన తర్వాత ఎక్కడో పోతోంది.

కారణం వెతికిన తీరు

వెంటనే ఆమెకు ఫోను చేసి ఎడిట్ చేయని అసలు రికార్డింగు పంపమన్నాను. లేదు. ప్రతి మెట్టు తర్వాత అదే ప్రాజెక్టు ఫైలు మీద సేవ్ చేస్తూ వచ్చారు. అసలు ప్రతిని విడిగా దాచమని నేను ఏ రోజూ గట్టిగా చెప్పలేదు. ఒక్కసారి చెప్పి వదిలేసిన మాట చెప్పనట్టే లెక్క. కాబట్టి పోయిన ఒత్తులను, పోని ఒత్తులను రెండు వరసలుగా రాసుకోవడం ఒక్కటే నాకు మిగిలిన దారి.

ఆ సాయంత్రం పన్నెండు నిమిషాల ఫైలును పుస్తకం ఎదురుగా పెట్టుకుని విన్నాను. అమ్మ, పిల్ల, అన్నం, వెన్నెల, బియ్యం వంటి మాటల్లో ఒత్తు నిక్షేపంగా ఉంది. పుట్ట, ఒక్క, చెప్పు, మెత్తని, ఎత్తు వంటి మాటల్లో పోయింది లేదా సగం పోయింది. గుడ్డు, ముద్ద, మొగ్గ వంటివి ఒకచోట ఉన్నాయి, ఒకచోట లేవు.

పళ్లే కారణమైతే త్త పోయినప్పుడు న్న కూడా పోవాలి, రెండూ పళ్ల దగ్గరే పుడతాయి. క్క పోకూడదు, అది నాలుక మొదట్లో, అంగిలి వెనక పుడుతుంది, దానికి పళ్లతో పనిలేదు. ప్ప అసలే పోకూడదు, అది పెదవుల అక్షరం. కానీ ఇక్కడ క్క, ప్ప, ట్ట, త్త కలిసి పోతున్నాయి, న్న, మ్మ, ల్ల కలిసి ఉంటున్నాయి. ఈ విభజన నోటిలోని చోటును బట్టి లేదు. మొదటి గుంపులో అక్షరం పలికేటప్పుడు నోరు మూసుకుని గాలి పూర్తిగా ఆగుతుంది. రెండో గుంపులో ఆగదు, శబ్దం సాగుతుంది.

అక్కడ నాకు అర్థమైంది. "పుట" అన్నప్పుడు పు, ట ల మధ్య నాలుక అంగిలికి తాకి క్షణకాలం శబ్దం ఆగుతుంది. "పుట్ట" అన్నప్పుడు అదే ఆగడం ఎక్కువసేపు ఉంటుంది. ఒత్తుగా మన చెవికి తెలిసేది చాలావరకు ఆ అదనపు నిశ్శబ్దమే. వాయిస్ మెసేజ్‌ను ఆడాసిటీలోకి తీసుకుని పెద్దది చేసి చూస్తే, ఆమె పుట్టలులో ట్ట విడుదలయ్యే ముందు 0.23 సెకను పాటు గీత చదునుగా ఉంది. నా చీటీ ప్రకారం 0.2 దాటిన నిశ్శబ్దం 0.1కి తగ్గుతుంది. ప్రోగ్రామ్ ఒత్తును వాక్యాల మధ్య ఖాళీ అనుకుని కోసేసింది. మామూలు మాటల్లో ద్విత్వాక్షరం ముందరి నిశ్శబ్దం ఇంత పొడవుండదు, పాడ్‌కాస్ట్ పిల్లల ఫైళ్లలో ఈ సమస్య బయటపడకపోవడానికి కారణం అదే. టీచరుగారు తరగతిలో పిల్లలకు ఉక్తలేఖనం చెప్పినట్టు, అక్షరం అక్షరం విడదీసి నొక్కి పలుకుతారు. ఆమె ఎంత జాగ్రత్తగా పలికితే నిశ్శబ్దం అంత పొడవు, అది అంత తప్పనిసరిగా కోతకు గురవుతుంది. నాలుగుసార్లు రికార్డు చేసినప్పుడు ప్రతిసారీ ఎందుకు అధ్వానమైందో కూడా దీనితో తేలింది. చీటీ ఇవ్వకముందు కూడా ఆమె తరగతిలో నేను చూపించిన అంకెలనే వాడుతున్నారు.

గుడ్డు, ముద్ద, మొగ్గల సంగతి కూడా దీనిలోనే ఇమిడింది. డ్డ, ద్ద, గ్గ పలికేటప్పుడు నోరు మూసుకున్నా గొంతులో సన్నని మోత నడుస్తుంటుంది. ఆ మోత బలంగా ఉన్నచోట ప్రోగ్రామ్ దాన్ని శబ్దంగా గుర్తించి వదిలేసింది. బలహీనంగా ఉన్నచోట నిశ్శబ్దం కింద జమకట్టింది. పైగా ఆ మోత కింది స్థాయి పౌనఃపున్యాల్లో, దాదాపు ఫ్యాను మోత ఉన్న పట్టీల్లోనే ఉంటుంది. ముందు మెట్టులో రొద తగ్గింపు దాన్ని ఇంకాస్త అణిచేసి, తర్వాతి మెట్టు కోతకు సిద్ధం చేసి పెట్టింది. రెండు ఎఫెక్టులూ విడివిడిగా ఇంత నష్టం చేసేవి కావు. ఆ వరసలో చేయమని రాసిచ్చింది నేనే.

ఇది నా ఊహ మాత్రమే కాకుండా రుజువు కావాలి కాబట్టి నా గొంతుతో పరీక్షించాను. "పుట్టలు" అని రికార్డు చేసి, ట్ట ముందరి నిశ్శబ్దంలో సగం కోశాను. పుటలు అని వినిపించింది. వేరే ఏ అక్షరాన్నీ ముట్టుకోలేదు.

పని చేసిన పద్ధతి

మరుసటి రోజు నేనే ఆమె ఊరు వెళ్లాను. ఫోనులో వివరించి ఉంటే ఆమె నా మాట గౌరవించి ఊరుకునేవారు తప్ప నమ్మేవారు కాదు. తన ఉచ్చారణ పోయిందని చెవులారా విన్న మనిషికి, పోలేదని మళ్లీ చెవులారా వినిపించాలి.

అందుకే చీటీ పక్కన పెట్టించి, ఒకే ఒక్క మాటతో మొదలుపెట్టాను. "ఒక" అని ఒకసారి చెప్పి రికార్డు చేయమన్నాను. తరంగాన్ని తెర నిండా పెద్దది చేశాం. ఒ శబ్దం ఎత్తుగా, తర్వాత చదునైన గీత, తర్వాత క విడుదలైన చోట సన్నని ముల్లు, ఆ తర్వాత అకారం. ఆ చదునైన గీత మధ్యలో కర్సర్ పెట్టించి, జెనరేట్ మెనూలోంచి 0.12 సెకను నిశ్శబ్దం చేర్పించాను. స్పేస్ బార్ నొక్కారు.

"ఒక్క" అని వినిపించింది.

ఆమె మళ్లీ నొక్కారు. కంట్రోల్–జెడ్‌తో చేర్చింది తీసేసి విన్నారు, "ఒక". మళ్లీ చేర్చి విన్నారు, "ఒక్క". అలా ఆరేడుసార్లు చేశారు. తర్వాత హెడ్‌ఫోన్ తీసి ఒళ్లో పెట్టుకుని, "అయితే నేను ఇన్నాళ్లూ పిల్లలకు ఒత్తి పలకమని చెప్పాను కానీ ఆగి పలకమని చెప్పలేదు బాబూ" అన్నారు. నేను క్షమాపణ చెప్పాను. ఆమె దాన్ని పట్టించుకోకుండా, "అక్కతో కూడా అవుతుందా?" అని అడిగారు. ఆ మధ్యాహ్నం అక్క, అత్త, అప్పు, చెట్టు అన్నీ కోసి, అతికించి చూశాం. అమ్మతో ప్రయత్నిస్తే నిశ్శబ్దం చేర్చినప్పుడు మాట రెండు ముక్కలయింది. మ్మలో ఆగడం లేదని, సాగడం ఉందని ఆమే తేల్చి చెప్పారు.

అక్కడి నుంచి శిక్షణ పద్ధతిని తిరగేశాను. మెనూలు, ఎఫెక్టులు మూసేశాం. రెండు వారాల పాటు ఆమెకు ఇచ్చిన పనిముట్లు నాలుగే: వినడం, ఎంచడం, తీసేయడం, వెనక్కి తెచ్చుకోవడం. ఖాళీలు బిగించే ఎఫెక్టు పూర్తిగా మానేశాం. అసలు అది అవసరమా అని ఆ వినే విద్యార్థిని అడిగితే, తాను పాఠాలను ఎలాగూ రెట్టింపు వేగంతో వింటానని, వాక్యానికి వాక్యానికి మధ్య ఆగితేనే నోట్సు రాసుకోవడానికి వీలవుతుందని చెప్పారు. మేము అంత కష్టపడి తీసేసిన ఖాళీలు వినేవారికి కావలసినవే. ఈ ప్రశ్న మొదటివారమే అడిగి ఉండవలసింది.

తప్పులు దిద్దే పద్ధతిని ఎంచడంలో కొంత తర్జనభర్జన జరిగింది. తప్పు దొర్లిన చోట ఆగి, కాస్త వెనక్కి వెళ్లి, ముందరి వాక్యం వింటూ దాని మీదుగా మళ్లీ రికార్డు చేసే సౌకర్యం ఆడాసిటీలో ఉంది, దాన్ని పంచ్ అండ్ రోల్ అంటారు. పుస్తకాలు చదివే వృత్తి కళాకారులు చాలామంది దాన్నే వాడతారు, ఎడిటింగు భారం బాగా తగ్గుతుంది. కానీ అది పాతదాన్ని తుడిచి కొత్తదాన్ని పెడుతుంది. అసలు ప్రతులు పోగొట్టుకుని దెబ్బతిన్న మనిషికి, అప్పుడే, తుడిచేసే పద్ధతి నేర్పడం మంచిది కాదనిపించింది. బదులుగా తప్పు వచ్చినప్పుడు ఒక చప్పట్లు కొట్టి, ఒక ఊపిరి తీసుకుని, వాక్యం మొదటి నుంచి మళ్లీ చదవమన్నాను. చప్పట్లు తరంగంలో నిలువుకంబంలా కనిపిస్తాయి. ఎడిట్ చేసేటప్పుడు కళ్లు ఆ కంబాల దగ్గరే ఆగితే చాలు, మొత్తం ఫైలు వెతకనక్కరలేదు.

దిద్దడానికి ముందు ఒకసారి పూర్తిగా, తెర చూడకుండా వినాలన్నది రెండో నియమం. వింటూ అనుమానం వచ్చిన చోట కంట్రోల్–ఎం నొక్కితే అక్కడ ఒక లేబుల్ పడుతుంది, అందులో ఒక అక్షరం రాసుకోవచ్చు. ఆమె దీన్ని పరీక్ష పేపర్లు దిద్దడంతో పోల్చుకున్నారు. ముందు ఎర్ర గీతలు పెట్టడం, తర్వాత మార్కులు వేయడం. నేను మూడు తరగతుల్లో చెప్పి ఒప్పించలేకపోయిన క్రమం ఆ పోలికతో ఒక పూటలో స్థిరపడింది. సేవ్‌కూ ఎక్స్‌పోర్ట్‌కూ ఉన్న తేడా కూడా ఆమే ఇలాగే కుదుర్చుకున్నారు. ప్రాజెక్టు ఫైలు చిత్తుప్రతి, ఎగుమతి చేసిన ఫైలు సాపుప్రతి. చిత్తును ఎవరికీ పంపకూడదు, పారేయకూడదు.

కోయవలసిన చోటు ఎంచడంలో, ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టిన ఆ నిశ్శబ్దమే ఉపయోగపడింది. క, చ, ట, త, ప ల ముందు గాలి ఆగిన క్షణంలో కోస్తే అతుకు వినిపించదు. కాకపోతే ఆ ఆగడం పొడవు మారకుండా చూసుకోవాలి. అతికాక ఆ మాటను ఒంటరిగా కాకుండా వాక్యం మొత్తంతో వినాలని పెట్టుకున్నాం, ఎందుకంటే ఒక్క మాటే వింటే మనకు తెలిసిన అక్షరమే వినిపిస్తుంది, లేనిది కూడా ఉన్నట్టు అనిపిస్తుంది. వాక్యాల మధ్య ఎక్కడైనా దగ్గు తీసేస్తే, ఆ చోట పూర్తి నిశ్శబ్దం పెట్టకుండా ఆ రోజు గదిమోతను అతికించాం. పూర్తి నిశ్శబ్దం పెడితే వినేవారికి గది ఒక్కసారిగా మాయమైనట్టు ఉంటుంది.

చెదపురుగుల పాఠం మళ్లీ రికార్డు చేసినప్పుడు ఆమెకు నలభై నిమిషాలు పట్టింది, తెల్లవారుజామున, పక్కింటి నీళ్ల మోటారు వేయకముందు. ఎడిటింగు అదే రోజు సాయంత్రం గంటన్నరలో అయిపోయింది. చివరగా స్థాయి సరిచేయడానికి లౌడ్‌నెస్ నార్మలైజేషన్ ఒక్కటే వాడాం, మోనో (ఒకే ఛానల్) కాబట్టి మైనస్ 19 LUFS (వినిపించే గట్టిదనానికి కొలత) దగ్గర పెట్టాం. సంస్థ ఆ ఫైలును ఒక్క మార్పు లేకుండా తీసుకుంది.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

నా పాఠ్యక్రమంలో రొద తగ్గింపు రెండో వారం నుంచి ఆరో వారానికి వెళ్లింది. అంతకుముందు దాన్ని ముందుగా నేర్పడానికి కారణం, ఫలితం వెంటనే తెలిసి అభ్యాసకులు ఉత్సాహపడతారని. ఆ ఉత్సాహమే వాళ్లకు ప్రతి సమస్యకూ ఎఫెక్టు వెతుక్కునే అలవాటు చేస్తోందని ఇప్పుడు అనుకుంటున్నాను. మొదటి ఆదివారం ఇప్పుడు ఒకే అభ్యాసం ఉంటుంది: "ఒక"ను "ఒక్క" చేయడం, "పుట్ట"ను "పుట" చేయడం. ఆ గంటలో వాళ్లు ఎంచడం, పెద్దది చేసి చూడడం, కోయడం, చేర్చడం, వెనక్కి తెచ్చుకోవడం అన్నీ నేర్చుకుంటారు, కానీ వాళ్ల ధ్యాస మెనూ మీద కాకుండా మాట మీద ఉంటుంది. ఆడాసిటీ పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులో దొరుకుతాయి. తెలుగులోలాగా ఒత్తు ఉండడం, లేకపోవడం వల్ల ఒక మాట వేరే మాట కావడం ఇంగ్లీషులో సాధారణంగా ఉండదు కాబట్టి ఆ పాఠాల్లో ఈ హెచ్చరిక కనిపించదు. తెలుగులో నేర్పేవాళ్లు దీన్ని సొంతంగా చేర్చుకోవాలి.

అంకెల చీటీ ఇవ్వడం పూర్తిగా మానలేదు. మొదలుపెట్టేవారికి పట్టుకొమ్మ కావాలి, అది నిజమే. కానీ ఇప్పుడు ప్రతి అంకె పక్కన, అది ఎవరి గొంతుకు, ఎలాంటి చదువుకు సరిపోతుందో రాస్తున్నాను. ఖాళీలు బిగించే మెట్టు పాడ్‌కాస్ట్ చీటీలో మాత్రమే ఉంది, అక్కడ కూడా 0.6 సెకనుకు దిగువన ఏ నిశ్శబ్దాన్నీ ముట్టుకోవద్దని రాశాను. రొద తగ్గించాక ఆ ఫైలును ఒకసారి పుస్తకం చూస్తూ వినకుండా తర్వాతి మెట్టుకు పోవద్దని కూడా.

అసలు ప్రతి విషయంలో మాట చెప్పి ఊరుకోవడం లేదు. రికార్డింగు ఆపిన వెంటనే దాన్ని వేవ్ ఫైలుగా ఎగుమతి చేసి "అసలు" అనే ఫోల్డరులో పెట్టడం తరగతిలోనే, నా ముందే, ప్రతి వారం చేయిస్తున్నాను. ఆ ఫోల్డరు లేనివారి సమస్యను ఆ రోజు చూడను. ఇది కఠినంగా అనిపించవచ్చు. నాలుగుసార్లు పాఠం మొత్తం చదివిన టీచరుగారి దగ్గర ఒక్క అసలు ప్రతి ఉన్నా, మొదటివారంలోనే దాన్నీ ఎడిట్ చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి వినేవాళ్లం.

ఇంకొకటి, అభ్యాసకులు తమ లోపంగా చెప్పుకునేదాన్ని ఇప్పుడు వెంటనే ఒప్పుకోవడం లేదు. పెద్దవయసువారు కంప్యూటర్ దగ్గర ఏం తప్పు జరిగినా తమదే అనుకుంటారు. గొంతు, వయసు, పళ్లు, చేతి వణుకు, ఏదో ఒక కారణం వాళ్ల దగ్గర సిద్ధంగా ఉంటుంది. ఆ కారణం వినడానికి సహజంగా ఉండటంతో నేను కూడా ఆగిపోయాను. ఇప్పుడు అలాంటి మాట వింటే ముందు ఫోనులో ఒక వాయిస్ మెసేజ్ పంపమని అడుగుతాను, దాన్ని వాళ్ల ఫైలుతో పోల్చి విన్నాకే ఒక మాట చెబుతాను.

ఒక విషయం మాత్రం ఇంకా తేలలేదు. వాక్యం మొదట్లో వినిపించే ఊపిరి శబ్దాలు తీసేయాలని టీచరుగారి పట్టు, అవి శుభ్రంగా లేవని ఆమెకు అనిపిస్తుంది. వినే విద్యార్థి ఉంచమంటున్నారు. ఊపిరి వినిపిస్తే కొత్త వాక్యం మొదలవుతోందని తెలిసి, రాస్తున్న చేయి ఆపుకుంటానని ఆయన వాదన. నేను ఇద్దరి మధ్య తీర్పు చెప్పలేదు. రెండో పుస్తకంలో మొదటి పాఠాన్ని రెండు రకాలుగానూ చేసి పంపమన్నాను. ఒకదాంట్లో ఊపిరి ఉన్నది ఉన్నట్టు, ఒకదాంట్లో సగం స్థాయికి తగ్గించి. ఆ రెండు ఫైళ్లూ ఈ వారమే ఆయనకు వెళ్లాయి.